రాయికో నంబరు: శిల్పశాల లెక్కలు రాసుకునే పద్ధతి

రాతి విగ్రహాలు చెక్కే ఊరు ఆళ్లగడ్డలో పని నేర్చుకున్న పిల్లలు ఏటా కొంతమంది సొంతంగా షెడ్డు వేసుకుంటారు. ఉలి పట్టడం ఏళ్లకేళ్లు నేర్చుకుంటారు గానీ లెక్క రాయడం వాళ్లకి ఎవరూ నేర్పరు. నేను బీకాం చదివి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను, నాకు చెక్కడం రాదు. మా ఆయన, మరిది, పనివాళ్లు రాయి దగ్గర ఉంటారు. నేను షెడ్డు ముందు గదిలో పుస్తకాలు చూస్తాను. కొత్తగా శాల పెట్టుకున్నవాళ్లు, వాళ్ల ఇళ్లలో లెక్కలు చూసే ఆడవాళ్లు వచ్చి "అక్కా, ఏమేం రాసుకోవాలి?" అని అడుగుతుంటారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చాలా శాలల్లో లెక్క మనిషి పేరు మీద ఉంటుంది. ఫలానా ఊరి కమిటీ ఇంత ఇచ్చింది, ఫలానా శిల్పికి ఇంత ఇచ్చాం, రాళ్ల వ్యాపారికి ఇంత బాకీ. ఇలా రాస్తే ఎవరు ఎవరికి బాకీనో తెలుస్తుంది గానీ, ఏ విగ్రహం మీద మిగిలిందో, ఏ విగ్రహం మీద పోయిందో తెలియదు. మా శాలలో లెక్కంతా రాయి మీద ఉంటుంది. రాయి లారీ దిగిన రోజే దానికి నంబరు పడుతుంది. తర్వాత ఆ రాయి మీద ఖర్చు పెట్టిన ప్రతి రూపాయి, ప్రతి కూలి రోజు, ప్రతి ఫొటో ఆ నంబరు కిందికే వస్తుంది. మీరు ఇంకేమీ చేయలేకపోయినా ఈ ఒక్కటి చేయండి.

రాయి దిగిన రోజు

నంబరు సులువుగా ఉండాలి. సంవత్సరం, దాని పక్కన వరుస సంఖ్య చాలు. 26-14 అంటే 2026లో వచ్చిన పద్నాలుగో రాయి. దాన్ని ఆయిల్ పెయింటుతో రాయి అడుగు భాగాన, వెనక వైపున, రెండు చోట్ల రాయించండి. జేగురుతో రాస్తే వానకి పోతుంది. చెక్కేటప్పుడు వెనక నంబరు పోయినా, పీఠంలో దిగే అడుగు భాగాన ఉన్నది చివరిదాకా నిలుస్తుంది.

లెడ్జరులో ఒక్కో రాయికి ఎదురెదురు పేజీలు రెండు కేటాయించండి. ఎడమ పేజీ పైన రాయి పుట్టుక రాయాలి: ఏ క్వారీ, ఎవరి దగ్గర కొన్నాం, బిల్లు నంబరు, రాయి తరలించడానికి గనుల శాఖ ఇచ్చే ట్రాన్సిట్ పాస్ నంబరు, లారీ నంబరు, పొడవు వెడల్పు మందం. పాస్ కాపీ ఫైల్లో లేకపోతే, తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లు ఈ రాయి ఎక్కడిదని అడిగినప్పుడు మన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. చాలామంది పాస్ లారీ డ్రైవరు దగ్గరే వదిలేస్తారు. డ్రైవరుకి కిరాయి ఇచ్చే ముందే ఆ పాస్‌ని ఫోన్లో ఫొటో తీసుకోండి.

బరువు కూడా రాసి పెట్టండి. మామూలు గ్రానైట్ ఘనపుటడుగు సుమారు 75 కిలోలు తూగుతుంది, విగ్రహాలకి వాడే గట్టి నల్లరాయి 85 దాకా పోతుంది. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల మందం ఉన్న నల్లరాయి అంటే 30 ఘనపుటడుగులు, అంటే రెండున్నర టన్నుల పైమాటే. మీ చైన్ బ్లాక్ (గొలుసుతో బరువు లేపే సాధనం) రెండు టన్నులదైతే ఆ రాయిని దానితో లేపకూడదు. హైడ్రా (క్రేను బండి) పిలవాలి, దాని బాడుగ కూడా ఆ రాయి ఖర్చులోకే రావాలి. కంటిచూపుతో "లేస్తుందిలే" అనుకునే చోటే కాళ్లు విరుగుతాయి.

రాయి పరీక్ష శిల్పి పని, దాన్ని రాసి పెట్టడం లెక్కలు చూసేవాళ్ల పని. మా మామయ్య సుత్తితో నాలుగు మూలలా కొట్టి వింటాడు. గంటలా ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులు ఉన్నట్టు. తర్వాత రాయి మీద నీళ్లు పోసి ఆరనిస్తారు. అంతా ఆరాక కూడా ఒక గీతలా తడి నిలిచిందంటే అది పగులే. ఎవరు చూశారు, ఏ తేదీన, ఎక్కడ అనుమానం వచ్చింది అనే మూడు ముక్కలు లెడ్జరులో రాసి, అనుమానం ఉన్నచోట సున్నా చుట్టి ఫొటో తీయండి. రాళ్ల వ్యాపారితో మాట్లాడాల్సి వస్తే ఆ ఫొటోనే మాట్లాడుతుంది.

ఆర్డరు కాగితం

ఆర్డరు చాలావరకు ఇలాగే మొదలవుతుంది. ఊరి నుంచి నలుగురైదుగురు వస్తారు, పెద్దాయన మాట్లాడతాడు.

"ఐదడుగుల ఆంజనేయస్వామి కావాలమ్మా. ఎంతవుతుంది?"

"ఐదడుగులంటే పీఠంతో కలిపా పెద్దాయనా, పీఠం కాకుండానా?"

"అదంతా కలిపేలే."

"పీఠం, ప్రభావళి అన్నీ కలిపితే స్వామి మూడున్నర అడుగులే వస్తాడు. స్వామే ఐదడుగులు ఉండాలా మీకు?"

పెద్దాయన పక్కవాళ్ల వంక చూస్తాడు. అక్కడ మొదలవుతుంది అసలు మాట. శిల్పశాస్త్రంలో ఉత్తమ దశతాళం అనే కొలత 124 అంగుళాలు. ఈ అంగుళం టేపు మీదిది కాదు, ఎత్తుని 124 భాగాలు చేస్తే అందులో ఒకటి. ఆ కొలత దేహానిది, తల పైభాగం దగ్గర ఆగుతుంది. కిరీటం ఎత్తు వేరే లెక్క. శిల్పి మనసులో ఆ కొలత ఉంటుంది, వచ్చినవాళ్ల మనసులో టేపు కొలత ఉంటుంది. అందుకని మా ఆర్డరు కాగితంలో "ఎత్తు" అని ఒకే గడి ఉండదు. పీఠం ఎత్తు, పాదం నుంచి తల దాకా, కిరీటం, ప్రభావళి, మొత్తం అని ఐదు గడులు ఉంటాయి. ఐదూ అడుగులు, అంగుళాల్లో నింపాకే ధర చెప్తాను. ఒకసారి ఒక కమిటీవాళ్లు విగ్రహం తయారయ్యాక వచ్చి, కిరీటంతో కలిపి కొలిచి, "మాకు చెప్పిన దానికంటే పెద్దగా చేశారు, గర్భగుడిలో పట్టదు, డబ్బు తగ్గించండి" అని పట్టుబట్టారు. వాళ్ల అధ్యక్షుడు సంతకం పెట్టిన కాగితంలో ఐదు కొలతలూ ఉన్నాయి. తీసి చూపించాక మాట పెరగలేదు.

గర్భగుడి ద్వారం వెడల్పు, ఎత్తు కూడా అదే కాగితంలో రాయించుకోండి. కొత్త గుడైతే ఇంకా ద్వారబంధం నిలబెట్టి ఉండరు. అప్పుడు వాళ్ల మేస్త్రీ నంబరు తీసుకుని మీరే అడగండి. ప్రభావళి ద్వారంలో పట్టకపోతే అక్కడ చేయగలిగింది ఏమీ ఉండదు.

దేవుడి రూపం గురించి శిల్పికి తెలుసు కదా అని వదిలేయకూడదు. ఏ ఆగమం ప్రకారం పూజ జరిగే గుడి? అర్చకస్వామి ఎవరు, ఆయన ఫోను నంబరు ఏమిటి? నామం పాదం (నామం కింద ముక్కు మీదికి దిగే చిన్న గీత) ఉన్నదా, లేనిదా? వైష్ణవ విగ్రహాల్లో ఈ ఒక్క విషయం మీదే ఎంత గొడవైనా జరుగుతుంది, రాతిలో చెక్కాక మార్చేది కాదు. ఏ చేతిలో ఏ ఆయుధం, అమ్మవారు పక్కనా, వక్షస్థలం మీదా, వాహనం కావాలా అనే వివరాలన్నీ గీత గీసిన కాగితం మీదే గుర్తు పెట్టి, ఆ గీత మీదే సంతకాలు తీసుకోండి. సంతకం ఒక్కరిది చాలదు. కమిటీలో ఇద్దరిది ఉండాలి, ఇద్దరి ఫోన్లూ ఉండాలి. పనయ్యేలోపు కమిటీ మారిపోవడం ఊళ్లల్లో మామూలే.

నాయకుల విగ్రహాలకి మరో కాగితం కావాలి. రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. విగ్రహం ఎక్కడ పెడతారు, ఆ స్థలం ఎవరిది, అనుమతి పత్రం ఏది అని ముందే అడగండి. పత్రం లేకుండా చెక్కిన విగ్రహం మన షెడ్డులోనే గుడ్డ కప్పుకుని నిలబడుతుంది. మిగతా డబ్బు అడిగితే "పర్మిషన్ రానీ సార్" అంటారు.

ఇక కాగితంలో తప్పనిసరిగా ఉండాల్సింది పగులు సంగతి. చెక్కుతుండగా లోపలి నుంచి పగులు బయటపడొచ్చు, తెల్లగీత ముఖం మీదికి రావొచ్చు. భిన్నమైన, అంటే పగిలిన విగ్రహం పూజకి పనికిరాదు. ముక్కు చివర పెచ్చు లేచినా గమ్ పెట్టి అంటించి గుడికి ఇవ్వకూడదు, మా ఇంట్లో ఇవ్వరు. మేం ఇలా రాస్తాం: "పని మధ్యలో రాతి లోపం బయటపడితే రాయి మార్చే ఖర్చు శాలది. అందుకు అదనంగా పట్టే గడువు కమిటీ ఒప్పుకోవాలి." ఖర్చు మనదే అంటున్నాం కాబట్టి ధరలోనే దానికి కొంత కలిపి పెట్టుకోవాలి. పక్కన పెట్టిన రాయి నంబరు మాత్రం కొట్టేయకండి. 26-14 మూలవిరాట్టుగా పనికిరాకపోతే దానిలోంచి నంది వస్తుందేమో, దీపస్తంభం వస్తుందేమో. ఆ చిన్న విగ్రహానికి 26-14అ అని రాసి, రాయి ధరలో భాగం దాని కిందికి మార్చండి.

అడ్వాన్సు, వాయిదాలు

ఆర్డరుతో పాటు తీసుకునే డబ్బు రాయి ధర, లారీ, హైడ్రా ఖర్చులు దాటి ఉండాలి. మేం 40 శాతం తీసుకుంటాం. రూపం తేలాక 30. మిగతా 30 విగ్రహం బండెక్కే ముందే. "ప్రతిష్ఠ రోజు ఇస్తాం" అనే మాట ఎంత పెద్దమనిషి చెప్పినా ఒప్పుకోవద్దు. ఆ రోజు వాళ్లకి అన్నదానం, మైకు, పురోహితులు, అన్ని ఖర్చులూ మీద పడతాయి. శిల్పి డబ్బు గుర్తుండదు. పైగా స్వామిని నిలబెట్టాక గుళ్లో నిలబడి డబ్బడగడం మనకీ మనసొప్పదు.

నేత్రోన్మీలనానికి, అంటే విగ్రహానికి కళ్లు తెరిచే క్రతువుకి, స్థపతి (శాల నడిపే పెద్ద శిల్పి) వెళ్లాలి. ఆ ప్రయాణం, బస, సంభావన ధరలో ఉన్నాయా లేదా అనేది రాయించండి. దూరపు ఊరికి ఇద్దరు మనుషులు వెళ్లి రావడమంటే ఖర్చే. సంభావన వాళ్లిష్టం, దారి ఖర్చు మాత్రం వాళ్లిష్టం కాదు.

ఊళ్లవాళ్లు చందాలు పోగేసి నగదు సంచితో వస్తారు. ఒకే మనిషి దగ్గర ఒక రోజులో గానీ, ఒకే వ్యవహారానికి గానీ రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదు. నాలుగు దఫాలుగా తీసుకున్నా ఒకే విగ్రహం కిందే లెక్క. తీసుకుంటే జరిమానా ఇచ్చినవాళ్లకి కాదు, పుచ్చుకున్న మనకి, అదీ తీసుకున్నంత మొత్తం. గుడి పేరు మీద బ్యాంకు ఖాతా తెరిపించి దానిలోంచి వేయమని మొదటి రోజే చెప్పండి. అందుకు వాళ్లకి వారం పడుతుంది, పట్టనీయండి. ఎంత చిన్న మొత్తానికైనా రసీదు ఇవ్వండి, రసీదు మీద రాయి నంబరు వేయండి.

రోజు ఎలా గడుస్తుంది

పొద్దున పని మొదలయ్యే ముందు మా షెడ్డులో గోడ బోర్డు మీద ఆ రోజు పని రాస్తారు: 26-14 ముఖం, 26-9 పాలిష్, 26-17 చదును. పక్కన మనిషి పేరు. ఆ బోర్డునే సాయంత్రం నేను హాజరు పుస్తకంలోకి ఎత్తుకుంటాను. "వచ్చాడు, రాలేదు" అని మాత్రమే ఉన్న హాజరు వల్ల మనకి ఉపయోగం లేదు. ఎవరు ఏ రాయి మీద పూట పని చేశారో, రోజంతా చేశారో ఉండాలి. ఒక శిల్పి పొద్దున 26-14 మీద, మధ్యాహ్నం 26-9 మీద ఉంటే చెరో సగం రాస్తాను.

నగిషీ పని కొందరికి గుత్తకి ఇస్తాం. గుత్త అయినా రోజులు రాస్తాను. ప్రభావళి గుత్తకి ఎన్ని రోజులు పట్టిందో తెలిస్తేనే వచ్చేసారి ఆ మనిషికి న్యాయమైన రేటు చెప్పగలం. తక్కువ రేటుకి ఒప్పించుకుని ఆ పనివాడిని నష్టపెట్టడం నాకు ఇష్టం ఉండదు. మంచి ముఖం దించే చెయ్యి మళ్లీ దొరకదు.

ఖర్చు ఎలా తేలుతుందో ఉదాహరణకి కొన్ని అంకెలు వేసి చూద్దాం. ఒక విగ్రహానికి 1,80,000 ఒప్పుకున్నారు అనుకోండి. రాయి 40,000, లారీ, హైడ్రా 9,000. శిల్పి కూలి 1,200 చొప్పున 50 రోజులకి 60,000. హెల్పరు 700 చొప్పున 40 రోజులకి 28,000. బ్లేడ్లు, కార్బైడ్ ఉలులు, వాటర్ పేపరు 8,000. కరెంటు, షెడ్డు అద్దెలో వాటా 7,000. మొత్తం 1,52,000. చూడగానే 28,000 మిగిలినట్టే ఉంటుంది. కానీ స్థపతి తానే కూర్చుని గీత గీసి, ముఖం, చేతులు చెక్కిన రోజులు పన్నెండు. వాటికి రోజుకి 2,000 వేస్తే 24,000. ఇక మిగిలింది 4,000. గ్రైండరు కాలిపోతే కొత్తది కొనడానికి కూడా ఈ నాలుగు వేలు సరిపోతాయో లేదో.

యజమాని తన కూలి వేసుకోకపోవడమే శిల్పశాలల్లో నేను చూసే పెద్ద లోటు. "నా పని నాకే కదా" అంటారు. మా మామయ్య కూడా అలాగే అనేవాడు. ఆయన కూలి లెక్కలోకి వచ్చాకే మేం ధరలు సరిగా చెప్పడం మొదలుపెట్టాం. మీ ఇంట్లో స్థపతి పేరు హాజరు పుస్తకంలో మొదటి వరుసలో ఉండాలి, ఆయన కూలి నెల నెలా ఆయన ఖాతాలోకి వెళ్లాలి.

బ్లేడ్లు, వాటర్ పేపరు లాంటివి పెట్టెలోంచి ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుంటే లెక్క తేలదు. పెట్టె మీద ఒక నోటు పుస్తకం దారంతో కట్టి ఉంచండి. తేదీ, ఏం తీశారు, ఏ రాయికి అనే మూడు మాటలు రాస్తే చాలు. రాయడం రానివాళ్లుంటే రాయి నంబరు ఒక్కటైనా వేయమనండి.

రాయి తిప్పే పని ఉన్న రోజు మిగతా పనులు ఆపిస్తాం. మూడుకాళ్ల స్టాండు, గొలుసు, కొక్కెం, బెల్టులు ముందు చూడాలి. బెల్టు అంచు పీచు లేచి ఉంటే పారేయాలి, వెనకాడకండి. అప్పుడు ఒక్కరే చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. మా శాలలో ఆ గొంతు మరిదిది. స్థపతైనా ఆ పది నిమిషాలు మాట్లాడడు.

దుమ్ము గురించి గట్టిగా చెప్పాలి. గ్రానైట్ పొడిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కి మందు లేదు, ముదరకుండా కాపాడుకోవడం తప్ప. వెనకటి రోజుల్లో ఉలీ సుత్తితో లేచిన దుమ్ము వేరు, ఇప్పుడు గ్రైండరు లేపే దుమ్ము వేరు. ఇది కంటికి కనిపించనంత సన్నం. కటింగు నీళ్లు పోస్తూనే చేయాలి. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు ఉండాలి. షెడ్డు పొడిగా ఊడవకూడదు, తడిపి ఊడవాలి. మాస్కులు ఎప్పుడు ఎవరికి ఇచ్చామో హాజరు పుస్తకం వెనక పేజీల్లో రాస్తాను, ఏడాదికోసారి అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీయించి ఆ తేదీ కూడా రాస్తాను. ఈ ఖర్చు ఏ రాయి కిందికీ రాదు, శాల ఖర్చు. "వదినా, మాస్కు పెట్టుకుంటే ఊపిరాడదు" అని కుర్రవాళ్లు అంటారు. పెట్టుకోకపోతే ఆ రోజు గ్రైండరు ఇవ్వం.

ఫొటోలు

ప్రతి రాయికీ ఫోన్లో ఒక ఫోల్డరు, దాని పేరు రాయి నంబరే. ముడిరాయి నంబరుతో సహా, గీత గీశాక, చదును అయ్యాక, రూపం తేలాక, ముఖం అయ్యాక, పాలిష్ అయ్యాక, బండెక్కాక. ప్రతిసారీ టేపు పెట్టి ఒకటి, టేపు లేకుండా ఒకటి. ఫోను పోతే ఫొటోలు పోకుండా నెలకోసారి హార్డ్ డిస్కులోకి ఎక్కించండి.

కమిటీకి ఏ ఫొటో పంపాలో మీరే నిర్ణయించుకోవాలి. సగం చెక్కిన ముఖం వాట్సాప్‌లో ఊరి గ్రూపుకి చేరిందంటే వంద మంది వంద మాటలు అంటారు, ఒకాయన ముక్కు అంటాడు, ఇంకొకాయన నవ్వు అంటాడు. నేను సంతకం పెట్టిన ఇద్దరికే పంపుతాను. మార్పులేమైనా ఉంటే ఆ ఇద్దరిలో ఒకరు రాసి పంపాలి. ఫోన్లో నోటితో చెప్పిన మార్పుని నేనే మెసేజ్‌గా రాసి పంపి, "ఇదేనా సార్?" అని అడిగి, అవునని జవాబు వచ్చాకే బోర్డు మీద రాయిస్తాను.

పన్నులు, పథకాలు

2025 సెప్టెంబర్ 22 నుంచి చెక్కిన రాతి విగ్రహాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. గ్రానైట్ దిమ్మెల మీద కూడా అంతే. ధర చెప్పేటప్పుడు పన్ను కలిపా, పన్ను కాకుండానా అనేది కాగితం మీద ఉండాలి. సరుకు అమ్మేవాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది వ్యాపారం 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పక్క రాష్ట్రానికి అమ్మితే మామూలుగా మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. హస్తకళా వస్తువులకి 20 లక్షల దాకా మినహాయింపు ఉంది గానీ, దానికి పాన్ ఉండాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే పత్రం) తీయాలి. ఆళ్లగడ్డ నుంచి కర్ణాటకకి, తెలంగాణకి విగ్రహాలు పంపే చిన్న శాలలవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. రాయి గుడివాళ్లే తెచ్చి ఇచ్చి చెక్కమంటే అది సరుకు అమ్మకం కాదు, కూలి పని. బిల్లు వేరేలా ఉంటుంది, ఆడిటర్‌ని అడిగి రాయండి.

ప్రభుత్వ శాఖలు, పెద్ద ట్రస్టులు డబ్బిచ్చేటప్పుడు టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుంటాయి. వచ్చిన డబ్బు పక్కన కోసుకున్నది కూడా అదే రాయి పేజీలో రాయండి. లేకపోతే ఏడాది చివర రిటర్ను వేసేటప్పుడు ఆ డబ్బు వెనక్కి అడగడం మర్చిపోతాం. ఒక మనిషికి ఒక రోజులో పదివేలకి మించి నగదుగా ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో అది ఖర్చు కింద ఒప్పుకోరు, లారీ కిరాయికైతే 35,000 దాకా పర్వాలేదు.

చిన్న పరిశ్రమలు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు. స్తంభాలు, మండపాలు చేయించుకునే కాంట్రాక్టర్లు, కంపెనీలు మనకి 45 రోజుల లోపు డబ్బు కట్టాలని చట్టం ఉంది. మన దగ్గర ఉద్యమ్ నంబరు, రాతపూర్వక ఒప్పందం ఉంటే ఆ మాట గట్టిగా అడగొచ్చు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో రాతి శిల్పులు కూడా ఉన్నారు. పనిముట్లకి 15,000, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, అది సరిగా కట్టాక రెండు లక్షల అప్పు. రెండో అప్పుకి వెళ్లినప్పుడు ఫోన్‌పే, బ్యాంకు ద్వారా నడిచిన లావాదేవీలు పనికొస్తాయి.

డబ్బు వచ్చే నెలలు, రాని నెలలు

మన పనికి జీతంలా నెల నెలా డబ్బు రాదు. ప్రతిష్ఠలన్నీ ఉత్తరాయణంలోనే ఎక్కువ. మాఘం, ఫాల్గుణం, వైశాఖం ముందు శాలలో నిద్ర ఉండదు. మూఢం వచ్చినా, శూన్యమాసం, అధికమాసం వచ్చినా ముహూర్తాలు ఆగుతాయి, వాటితో పాటు చివరి వాయిదా కూడా ఆగుతుంది. ఏడాది మొదట్లోనే పంచాంగం ముందు పెట్టుకుని, ఏ విగ్రహం ఏ నెలలో బండెక్కుతుంది, ఏ నెలలో కూలీలకి మాత్రమే డబ్బు పోతుంది అనేది ఒక కాగితం మీద వేసుకోండి. ఖాళీ నెలల్లో తులసికోటలు, చిన్న వినాయకులు, నాగశిలలు చేయిస్తాం. అవి మిగిలిన ముక్కల్లోంచి వస్తాయి, అమ్ముడుపోయిన రోజు కూలికి చేతిలో డబ్బుంటుంది. మూడు నెలల కూలి డబ్బు బ్యాంకులో విడిగా ఉంచుకోగలిగితే, ఖాళీ నెలలో ఎవరో వచ్చి సగం ధరకి అడిగినా తల ఊపాల్సిన అవసరం రాదు.

ఆర్డరు కాగితంలో ముహూర్తం తేదీ ఒకటి, విగ్రహం తయారయ్యే తేదీ ఒకటి, రెండూ రాయండి. రెండింటి మధ్య కనీసం పది రోజులు ఉండాలి. జలాధివాసం, ధాన్యాధివాసం (విగ్రహాన్ని నీళ్లలో, ధాన్యంలో ఉంచే క్రతువులు) జరగాలి కదా, ఆ రోజులు కూడా అర్చకస్వామిని అడిగి లెక్క వేసుకోండి.

బండెక్కాక

బండెక్కే రోజు ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు, డెలివరీ చలానా మూడూ డ్రైవరు చేతిలో ఉండాలి. విలువ 50,000 దాటితే రాష్ట్రం లోపల కూడా ఈ-వే బిల్లు కావాలి. గడ్డి, పాత టైర్లు, గన్నీ సంచులు వేసి కట్టాక ఫొటో. దిగాక కమిటీవాళ్లు "ఏ దెబ్బా లేకుండా అందింది" అని చలానా మీద రాసి సంతకం పెట్టి పంపాలి. ఆ చలానా వెనక్కి వస్తేనే నేను ఆ రాయి పేజీ మూస్తాను.

విదేశానికి పంపేదైతే కాగితాలు ఇంకా ఉంటాయి. 1970లలో పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం వెలసినప్పటి నుంచి అమెరికాలో మనవాళ్ల గుళ్లు పెరుగుతూనే ఉన్నాయి, విగ్రహాలు ఇక్కడి నుంచే వెళ్లాలి. నూరేళ్లు దాటిన విగ్రహాల్ని దేశం దాటించకూడదని 1972 నాటి చట్టం చెప్తుంది. అందుకని ఇది పాతది కాదు, కొత్తగా చెక్కిందే అని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. ముడిరాయి నుంచి పాలిష్ దాకా నంబరుతో సహా ఉన్న ఫొటోలు అక్కడ బాగా పనికొస్తాయి, నా ఫోల్డర్లు ఎక్కువగా అక్కరకొచ్చేది ఆ దరఖాస్తుకే. చెక్కపెట్టె కూడా మామూలుది చెల్లదు. పురుగు లేకుండా వేడి చేసిన చెక్కతో చేసి, దాని మీద ఆ ముద్ర ఉండాలి. ముద్ర లేని పెట్టెని అవతలి రేవులో ఆపేస్తారు.

మార్చి 31న మాత్రం ఓపిక చేసుకుని షెడ్డంతా తిరగండి. చెక్కని రాళ్లు, సగంలో ఉన్నవి, తయారై అమ్ముడుపోనివి, పక్కన పెట్టిన భిన్నవి, ఒక్కొక్కటీ నంబరు చూసి టిక్కు పెట్టుకుంటూ వెళ్లాలి. సగంలో ఉన్న విగ్రహానికి అమ్మకం ధర వేయకూడదు, ఆ రోజు దాకా దాని పేజీలో పడ్డ ఖర్చు ఎంతో అంతే వేయాలి. నంబరు కనిపించని రాయి ఉంటే అప్పుడే కొలిచి, పాత పేజీలతో పోల్చి, ఏదో తేల్చి మళ్లీ పెయింటు వేయించండి. ఆ జాబితా మీద స్థపతి, లెక్కలు చూసేవాళ్లు ఇద్దరూ సంతకం పెట్టి, ఒక కాపీ ఆడిటర్‌కి, ఒకటి బ్యాంకు ఫైల్లో, ఒకటి కొత్త ఏడాది లెడ్జరు మొదటి పేజీలో అంటించండి.